అవి ఏం తింటాయి?

మా తమ్ముడు అన్సెల్మో పదిహేనేళ్ళకు పైగా ఒక నవ్వు తయారు చేయడానికి కష్టపడ్డాడు. నా సెలూన్‌కి వచ్చే ఆడవాళ్ళతో ఈ మాట అంటే, మీ తమ్ముడు సర్కస్‌లో ఉన్నాడా అని అడిగేవాళ్ళు. సర్కస్ కాదు, మోంటెవిడియో విశ్వవిద్యాలయంలో ల్యాబ్. కొందరు పిల్లలు ముఖంలో కండలు కదలకుండా పుడతారు. ఏడుపొస్తే కన్నీళ్ళు వస్తాయి, సంతోషం వస్తే ముఖం మాత్రం అలాగే ఉండిపోతుంది. అలాంటి పిల్లల వంట్లోంచే కాసిని కణాలు తీసి, బయట పెంచి, చిన్న కండగా చేసి, తిరిగి బుగ్గలో పెట్టాలని వాడి ప్రయత్నం.

ఒకసారి నన్ను తీసుకెళ్ళి చూపించాడు. గాజు పళ్ళెంలో గులాబీరంగు నీళ్ళు, అందులో రెండు చిన్న కొయ్యల మధ్య బిగించిన దారప్పోగు లాంటిది. తీగ తగిలించి రవ్వంత కరెంటు పంపాడు. అది ముడుచుకుని, మళ్ళీ సాగింది.

"చూశావా అక్కా?"

"చూశాను. నాకు కన్ను కొట్టింది," అన్నాను.

ఆ మాట వాడికి ఎంత నచ్చిందంటే, ల్యాబ్‌లో కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుంటూ తిరిగాడు.

అయితే పళ్ళెంలో కన్ను కొట్టిన కండ వంట్లో నిలిచేది కాదు. ఎలుకల్లో పెట్టారు, కుందేళ్ళలో పెట్టారు. కాస్త మందమయ్యేసరికి లోపలికి రక్తం అందేది కాదు. నరం వచ్చి దాన్ని పట్టుకునేది కాదు. కొన్ని వారాలకు ఎండిన చిక్కుడుకాయలా అయిపోయేది. మళ్ళీ మొదటికి వచ్చేవాళ్ళు.

ఆబ్రిల్ అని ఒక పాప ఉండేది. తల్లితో విశ్వవిద్యాలయం ఆస్పత్రికి వచ్చినప్పుడల్లా, అక్కడే ఉన్న వాడి గది దగ్గర ఆగి, దర్జీని గౌను గురించి అడిగినట్టు, "నాది అయిందా?" అనేది. "ఇంకా లేదమ్మా, ఇంకొంచెం కుట్టాలి," అనేవాడు వీడు. పాప పెరిగిపోతోంది. బడిలో పిల్లలు తనకి కోపం అనుకుని దగ్గరికి రావడం లేదని తల్లి చెప్పుకుని బాధపడింది. చివరికి ఆస్పత్రి సర్జన్ బెంటన్‌కోర్, ఇక ఆగడం అన్యాయం అని చెప్పి, పాప తొడలోంచి చిన్న కండ ముక్కని రక్తనాళంతో, నరంతో సహా తీసి బుగ్గలో కుట్టేశాడు. ఆ పద్ధతి ఎప్పట్నుంచో ఉన్నదే. తొడ కోయకుండా చేయాలనే వీడి ఆరాటమంతా.

కొన్ని నెలల తర్వాత ఒక సాయంత్రం అన్సెల్మో బేకరీ పొట్లం పట్టుకుని ఇంటికి వచ్చాడు. పొట్లం విప్పకుండానే వాకిట్లో కూర్చున్నాడు.

"పాప నవ్విందక్కా. ఇప్పటికి ఒక వైపే. రెండో వైపు కూడా చేస్తారట."

"మరి ఆ ముఖమేంటి?"

"సంతోషంగానే ఉన్నాను. ఆ సంతోషంలో నేను చేసిన పని ఏమీ లేదు. అంతే."

నేను పొట్లం విప్పి ఒక బన్ను వాడి చేతిలో పెట్టాను. పెళ్ళి చేసుకుని, విడిపోయి, రెండు పెట్టెల పుస్తకాలతో నా ఇంటికి తిరిగొచ్చిన రోజు కూడా వాడు ఇలాగే కూర్చున్నాడు. అప్పుడూ నేను తిండే పెట్టాను. నాకు వచ్చిన వైద్యం అదొక్కటే.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం మా పెరట్లో నిప్పులు చేసి ఇనప చువ్వల మీద మాంసం కాల్చాం. బెంటన్‌కోర్ కూడా వచ్చాడు. మంచివాడే, నోరే కాస్త దురుసు. రెండో గ్లాసు వైన్ అయ్యాక మా వాడి భుజం మీద చెయ్యి వేసి అన్నాడు:

"అన్సెల్మో, ఏమనుకోకు. నీ కండ వంట్లో బతకదు గానీ, పెనం మీద భేషుగ్గా ఉంటుంది."

అందరూ నవ్వారు. మా వాడూ నవ్వాడు. నవ్వి, ఫోర్కు కింద పెట్టి, నిప్పుల వైపు చూస్తూ ఉండిపోయాడు. నొచ్చుకున్నాడనుకున్నాను. నొచ్చుకోలేదు. ఆలోచిస్తున్నాడు.

రెండు మూడు రోజుల తర్వాత, నేను ఒకావిడ తలకి రంగు వేస్తుండగా, సెలూన్ తలుపు తోసుకుని వచ్చాడు.

"అక్కా, పెనం మీద అది బతకాల్సిన పని లేదు కదా."

"ఏమిటి బతకక్కర్లేనిది?" అని కుర్చీలో ఉన్నావిడ అద్దంలోంచే కంగారుగా అడిగింది.

"కండ," అన్నాడు ఆవిడతోనే. "వంట్లో పెట్టే కండ బతకాలి. దానికి రక్తం రావాలి, నరం రావాలి, చెప్పిన మాట వినాలి. తినే కండకి అవేవీ అక్కర్లేదు. నేను ఇన్నేళ్ళూ ఎక్కడెక్కడ ఓడిపోయానో, అవన్నీ ఇక్కడ అడ్డమే కాదు."

"మరి అడ్డమేంటి?" అన్నాను.

"పరిమాణం. అగ్గిపుల్లంత చేస్తే చాలదు. కిలోలు కావాలి."

"కిలోలు కావాలంటే మూల మీద కసాయి కొట్టుందిగా," అంది రంగు వేయించుకుంటున్నావిడ.

ఆవిడన్నదాంట్లో తప్పేం లేదు. మాది మోంటెవిడియోలో సెర్రో పేట. మా పేటలో ఇంటికొకరు మాంసం ఫ్యాక్టరీల్లో పనిచేసి పిల్లల్ని పెంచారు. మా నాన్న పశువుల్ని ర్యాంపు మీదుగా లోపలికి తోలే పనిలో ఉండేవాడు. అలాంటి చోట పుట్టి, ఆవుని కోయకుండా మాంసం చేస్తానంటే జనం ఊరుకుంటారా. ఆ నెలంతా నా సెలూన్‌లో ఇదే కబురు. "మీ తమ్ముడు సీసాల్లో దూడల్ని పెంచుతున్నాడటగా ఒఫీలియా?" అని ఒకరు, "అవి అంబా అంటాయా?" అని ఇంకొకరు. నేను అందరికీ ఒకటే చెప్పాను, అంబా అన్నప్పుడు పిలుస్తాను, వచ్చి వినండని.

ఆ రోజు రంగు వేయించుకున్నావిడ వెళ్ళాక, నేను కింద పడ్డ జుట్టు ఊడుస్తుంటే వాడు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నాన్న పశువుల్ని తోలేటప్పుడు వాటితో మాట్లాడేవాడు, తెలుసా నీకు?"

"తెలీదు. ఏమనేవాడు?"

"పెద్దగా ఏమీ లేదు. పదమ్మా, పదమ్మా అనేవాడు. ఒకసారి అమ్మ భోజనం ఇచ్చి రమ్మంటే వెళ్ళి విన్నాను."

ఇంకేదో అంటాడని చీపురు ఆపాను. వాడు లోపలికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు.

ల్యాబ్‌లో వాడితో పాటు ఇరేనె అని ఒక అమ్మాయి పనిచేస్తుంది. చదివింది పశువైద్యం, చేసేది కణాలు పెంచే పని. ముఖం కండల పని మూతపడ్డాక మిగతా వాళ్ళు తలో దిక్కు వెళ్ళారు, ఈ అమ్మాయి ఒక్కతే ఉండిపోయింది. ఆవు కణాలు కావాలంటే ఆవు కావాలి కదా. మీనాస్ దగ్గర కొండల్లో ఇరేనె వాళ్ళ పిన్నికి పొరుగున డెల్మీరా అని ఒకావిడ ఉంది, భర్త పోయాక కొద్దిపాటి మందని ఒక్కతే చూసుకుంటోంది, ఆవిడని అడుగుదామంది. ఊరు చూసినట్టుంటుందని నేనూ కారెక్కాను.

డెల్మీరా గేటు దగ్గరే నిలబడి ఉంది. చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కు, చేతిలో మాతే ఆకుల టీ గిన్నె, కాళ్ళకు తనవి కాని పెద్ద బూట్లు.

"సూదితో మాంసం ఎత్తుకెళ్ళే దొంగలు మీరేనా?"

"మేమేనండీ," అన్నాడు మా వాడు. "కొంచెమే ఎత్తుకెళ్తాం. గోరంత."

"పోయినేడు వచ్చిన దొంగలు ఆవుకి ఆవునే కోసుకుపోయారు. వాళ్ళకంటే మీరే నయం. రండి."

ఇరేనె మంద మధ్యకి వెళ్ళి ఒక పడుచు పెయ్యని ఎంచుకుంది. చిన్నదాని కణాలైతే చురుగ్గా పెరుగుతాయట. మా వాడు మాత్రం అటు చూడటం లేదు. కంచె పక్కన ఒక ముసలి నల్లావు నిలబడి ఉంది. డెల్మీరా మాతో మాట్లాడుతూనే చెయ్యి దాని మెడ మీద వేసి ఉంచింది. తీయడం లేదు.

"దీని పేరేంటి?" అన్నాడు.

"మోరా. ఇది మీకు పనికిరాదు డాక్టరుగారూ. రెండేళ్ళుగా చూలు నిలవడం లేదు. గురువారం లారీలో వెళ్ళిపోతుంది."

"ఎక్కడికి?" అన్నాడు మా తమ్ముడు, సెర్రోలో పుట్టి పెరిగిన మనిషి.

ఈయన నిజంగా డాక్టరేనా అన్నట్టు డెల్మీరా నా వైపు చూసింది.

"దీన్నుంచే తీసుకుంటాం," అన్నాడు.

"సార్, అది ముసలిది," అంది ఇరేనె.

"మనకి తొందరేముంది?" అని, డెల్మీరా వైపు తిరిగాడు. "ఒక్కసారితో అయిపోదండీ. మళ్ళీ మళ్ళీ రావాల్సి ఉంటుంది. అంచేత ఈ ఆవు ఇక్కడే ఉండాలి."

"ఎన్నాళ్ళు ఉండాలి?"

"చెప్పలేం."

ఇరేనె నోరు తెరిచి, మూసుకుని, ఐసు పెట్టె సర్దుకోవడానికి వంగింది. తర్వాత మోరాకి మత్తు సూది ఇచ్చి, తుంటి దగ్గర చిన్న గాటు పెట్టి, బియ్యపు గింజలంత ముక్కలు తీసి సీసాలో వేసింది. మోరా ఆ కాసేపూ మా వాడి చొక్కా చెయ్యి నాకుతూ నిలబడింది. గురువారం లారీ వచ్చింది. వేరే రెండు ఆవులు ఎక్కాయి, మోరా ఎక్కలేదు.

అప్పట్నుంచి మా వాడు నెలనెలా మీనాస్ బస్సు ఎక్కడం మొదలుపెట్టాడు. ఆవు ఆరోగ్యం చూడాలట. మెడలో వేసుకోవడానికి ఒక స్టెతస్కోపు కూడా సంపాదించాడు. మనుషులకే ఎప్పుడూ పెట్టి ఎరగడు, ఆవుకి ఏం పెడతాడో అనుకున్నాను. వెళ్ళినప్పుడల్లా జున్నుముక్కో, జామపండులాంటి ఒక పుల్లటి పండుతో వండిన హల్వానో పట్టుకొచ్చేవాడు.

"మా మరదలు ఈసారి ఏం పంపింది?" అనేదాన్ని.

"అక్కా, ఆవిడ ఆవు గల మనిషి. అంతే."

"ఆవు గల మనిషి దగ్గరికి ఇస్త్రీ చొక్కా ఎందుకు?"

వాడి చెవులు ఎర్రబడేవి.

ఒకసారి వాడితో నేనూ వెళ్ళాను. మేం వెళ్ళేసరికి వాన పట్టుకుంది. బయటికి పోయే పని లేక అందరం వంటింట్లో చేరాం. డెల్మీరా పిండి కలిపి రొట్టెలు వత్తి కొవ్వులో వేయిస్తోంది. మాతే గిన్నె చేతులు మారుతోంది. మా వాడు ల్యాబ్ సంగతులు హుషారుగా చెబుతున్నాడు, మోరా కణాలు ఒకటి రెండవుతున్నాయని, రెండు నాలుగవుతున్నాయని, పక్కపక్కన చేరి పోగుల్లా అతుక్కుంటున్నాయని. ఆవిడ పొయ్యి వైపు తిరిగే అడిగింది:

"డాక్టరుగారూ, ఇక్కడ మోరా గడ్డి తింటుంది. అక్కడ మీ పళ్ళెంలో ఉన్న మోరా ఏం తింటుంది?"

"చక్కెర ఉంటుంది. లవణాలు, విటమిన్లు..." అని ఆగాడు.

"ఇంకా?"

"సీరం అని ఒకటి."

"అంటే ఏంటి?"

మాతే గిన్నె బల్ల మీద పెట్టాడు. అబద్ధం చెప్పడానికి అది మంచి అవకాశమే. ఆవిడకి తెలిసే దారి లేదు. కానీ చెప్పాడు.

"చూలు ఆవుని ఫ్యాక్టరీలో కోసినప్పుడు కడుపులో దూడ ఉంటుంది కదండీ. దాని రక్తం నుంచి తీస్తారు. కణాలు పెరగడానికి కావాల్సినవన్నీ అందులో ఉంటాయి. అందరూ అదే వాడతారు."

డెల్మీరా రొట్టె తిరగేసింది, తీసింది, పంచదార చల్లింది, తెచ్చి వాడి ముందు పెట్టింది.

"తినండి. చల్లారితే బాగోదు."

వాడు తినలేదు. ఆవిడ ఎదురుగా కూర్చుని ఆప్రాన్‌తో చేతులు తుడుచుకుంది.

"మోరాకి ఒక దూడ కడుపులోనే పోయింది. నేనే నా చేత్తో లాగాను. అప్పటికే దానికి వెంట్రుకలొచ్చాయి. కనురెప్పలకి కూడా." పంచదార డబ్బాకి మూత పెట్టింది. "మీ పళ్ళెంలోదానికి పెట్టే తిండి మార్చేదాకా ఆ సూదితో నా ఆవు జోలికి రాకండి."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే మా వాడికి ఇంకాస్త తేలిగ్గా ఉండేది.

తిరుగు బస్సులో చాలా దూరం కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"ఆబ్రిల్ కోసం పెంచినప్పుడు కూడా అదేనక్కా. సీసా మీద రాసే ఉంటుంది. ఇన్నేళ్ళూ రోజూ చదివాను."

"అప్పుడు పసిపిల్ల కోసం కదరా."

"పిల్ల కోసమే. పిల్ల కోసమైతే ఇప్పటికీ వాడతాను. కానీ ఆవుని కోయకుండా మాంసం చేస్తానని చెప్పి, దానికి దూడ రక్తం పోస్తున్నానంటే, నేనేం చేస్తున్నట్టు?"

సోమవారం ల్యాబ్‌కి వెళ్ళి సీరం మానేద్దామన్నాడు. ఇరేనె తల పట్టుకుంది. "మనకంటే పెద్ద పెద్ద ల్యాబులే దాంతో తంటాలు పడుతున్నాయి సార్." "మనమూ పడదాం," అన్నాడు.

పడ్డారు. ఈస్టు చేత చేయించిన ప్రోటీన్లు కలిపారు, సోయా గింజల్ని అరగదీసి ఆ రసం పోశారు, ఒకటి ఎక్కువ చేశారు, ఒకటి తగ్గించారు. కణాలు అలిగి కూర్చున్నాయి. కొన్ని పెరగడం మానేశాయి, కొన్ని పళ్ళేన్ని వదిలేసి తేలిపోయాయి. ఇంట్లో మా మాటలు ఎలా తయారయ్యాయంటే, వాడు గుమ్మంలో అడుగుపెట్టగానే నేను "ఇవాళ తిన్నాయా?" అనేదాన్ని. "రెండు ముద్దలు తిని లేచిపోయాయి," అనేవాడు. అన్నం దగ్గర మారాం చేసే పిల్లల తండ్రి గొంతు అది. వాడికి పిల్లలు లేరు.

మీనాస్ వెళ్ళడం పూర్తిగా మానేశాడు. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను అంటాడు. చలికాలం వచ్చి వెళ్ళింది. ఒక మధ్యాహ్నం సెలూన్ ఫోన్ మోగింది.

"ఒఫీలియా, మీ తమ్ముడికి ఒంట్లో బాగాలేదా?"

డెల్మీరా గొంతు. నేను తువ్వాలు పక్కన పడేసి కూర్చున్నాను.

"బాగానే ఉన్నాడే."

"ఏం లేదు, మోరా అడుగుతోంది."

"ఏమని అడుగుతోంది?"

"చెవుల్లో గొట్టం పెట్టుకొచ్చే ఆయన ఏమయ్యాడని."

"మీరే కదా రావద్దన్నారు."

"సూదిని వద్దన్నాను. మనిషిని వద్దన్నానా?"

ఆ సాయంత్రం వాడు సూప్ తాగుతుండగా ఈ మాట చెప్పాను. చెంచా ఆగిపోయింది.

"అలా అందా?"

"అలాగే అంది."

"మనిషిని అనే అందా?"

"మనిషిని అనే అంది. సూప్ తాగు."

శనివారం చొక్కా నేనే ఇస్త్రీ చేశాను. ఈసారి స్టెతస్కోపు తీసుకెళ్ళలేదు. ఏ వంకా లేకుండా వెళ్ళాడు. రాత్రికి వస్తాడనుకుంటే మర్నాడు వచ్చాడు. కంచె వేయడంలో సాయం చేశాడట, అరచేతులు రెండూ బొబ్బలెక్కాయి. వాడు వేసిన కంచెని డెల్మీరా మర్నాడు విప్పి మళ్ళీ వేసుకుందని తర్వాత తెలిసింది. ఆ సంగతి వాడికి నేనూ చెప్పలేదు, ఆవిడా చెప్పలేదు.

వసంతం చివర్లో ఒక రోజు, నేను అడక్క ముందే, గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ అన్నాడు:

"తిన్నాయక్కా."

చాలా మెల్లిగా అన్నాడు. గట్టిగా అంటే మళ్ళీ మానేస్తాయేమో అన్నట్టు. సీరం చుక్క లేకుండా మోరా కణాలు పెరిగాయి. మునుపటంత జోరు లేదు, కానీ వారాల తరబడి తిన్నాయి, పోగులు కట్టాయి. నేను వాడి తల పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాను. ఎప్పుడో చిన్నప్పుడు పెట్టుకుని ఉంటాను.

రుచి చూడటానికి చాలినంత అయ్యేసరికి ఇంకో ఏడాది దగ్గర పట్టింది. అంతా కలిపితే చిన్న వడల్లాంటివి నాలుగు. డెల్మీరా ఇంట్లోనే వండాలని వాడి పట్టు. ఇరేనె, నేను, వాడు కలిసి వెళ్ళాం. వెచ్చటి మధ్యాహ్నం. వంటింటి తలుపు తెరిచి ఉంది, కాస్త దూరంలో మోరా మేస్తూ కనిపిస్తోంది. బాగా ముసలిదైపోయింది, నడుము ఎముకలు తేలాయి. తిండి మారిన సంగతి డెల్మీరాకి అన్సెల్మో మొదటి రోజే ఫోన్ చేసి చెప్పాడు గానీ, ఎదురుగా మళ్ళీ అంతా చెప్పించుకుంది. ఏం పోస్తున్నారు, ఎక్కడ్నుంచి వస్తుంది, దాంట్లో జంతువుది ఏమైనా ఉందా అని ఒక్కొక్కటే అడిగింది. అన్నీ విని తల ఊపింది.

"అయితే ఇక సూది తెచ్చుకోవచ్చు."

"సూది ఎందుకండీ?" అంది ఇరేనె, ఉల్లిపాయ తరుగుతూ. "మొదటిసారి తీసినవే ఫ్రీజర్‌లో బోలెడున్నాయి. మళ్ళీ ఎప్పటికీ అక్కర్లేదు."

అని, తను అన్నది తనకే వినపడి, కత్తి ఆపేసింది. మా వాడు నేల వైపు చూస్తున్నాడు. నేను కిటికీలోంచి మోరాని చూశాను. ఎవరో ఒకరు ఎక్కడో అక్కడ చూడాలి కదా.

"నాకు తెలుసులే," అంది డెల్మీరా.

"ఎప్పట్నుంచి?" అన్నాడు వాడు, తల ఎత్తకుండానే.

"గొట్టం దాని తుంటి ఎముక మీద పెట్టి, గుండె బాగా కొట్టుకుంటోంది అన్నారు చూడండి, ఆ రోజు నుంచి."

ఇరేనె ఫక్కున నవ్వింది. నేనూ ఆపుకోలేకపోయాను.

"తెలిసి కూడా ఏమీ అనలేదు మీరు."

"ఏమంటాను? ఆవు లారీ ఎక్కకూడదని నా వాకిట్లో నిలబడి అబద్ధమాడిన మనిషి. మాతే ఇవ్వకుండా పంపమంటారా?"

పెనం వేడెక్కింది. ఉప్పు తప్ప ఇంకేమీ వద్దన్నాడు మా వాడు. నాలుగు ముక్కలూ చుయ్యిమన్నాయి. వాసన మాంసం వాసనే. నేను ముందు తిన్నాను. కొవ్వు లేదు కనుక నోట్లో కాస్త పొడిపొడిగా ఉంది, తొందరపడి కాల్చినట్టు. కానీ మాంసమే. సెర్రో మనిషిని, నాకు తెలియదా. అదే మాట చెప్పాను. ఇరేనె నములుతూ ముక్కు తుడుచుకుంటోంది. ఉల్లిపాయ వల్ల కాదు. అన్సెల్మో కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలాడు.

డెల్మీరా ముందున్న ముక్క అలాగే ఉంది.

"నేను తినలేను అన్సెల్మో."

అంతవరకూ ఆవిడ వాడిని పేరు పెట్టి పిలవడం నేను వినలేదు.

"చంపలేదు కదా," అన్నాడు. "అదిగో, అక్కడే ఉంది."

"అందుకే. అది అక్కడే ఉంది. నేను పుట్టినప్పట్నుంచీ మాంసం తిన్నదాన్నే. కానీ పేరు పెట్టి పిలిచినదాన్ని ఎప్పుడూ తినలేదు."

మా వాడు ఫోర్కు పక్కన పెట్టాడు.

"నేను అన్నీ ఆలోచించాననుకున్నాను. ఇది తట్టలేదు."

"అది నువ్వు ఆలోచించాల్సింది కాదులే. అది నాది. బాగా చేశావు. వాసన చూస్తేనే తెలుస్తోంది, బాగా చేశావు," అని, తన ముక్కని వాడి పళ్ళెంలోకి జరిపింది. "నా వాటా నువ్వు తిను."

'డాక్టరుగారు' పోయి 'నువ్వు' వచ్చిందని వాడు గమనించాడో లేదో తెలియదు. నేను గమనించాను. వాడు ఆ ముక్క తిన్నాడు. ఆవిడ చూస్తూ కూర్చుంది.

ఆ వచ్చిన చలికాలంలో మోరా పోయింది. జబ్బేమీ లేదు. ఒక పొద్దున లేవలేదు, అంతే. డెల్మీరా ఫోన్ చేసి, ఏమైందో చెప్పకుండా, "రా," అని మాత్రం అందట. వాడు కోటు గుండీలు మెట్ల మీద పెట్టుకుంటూ పరిగెత్తాడు. పక్క పొలం వాళ్ళు ట్రాక్టరు తెచ్చి వాలులో గొయ్యి తీశారు. తోలుకైనా అమ్ముకోవచ్చు కదా అన్నారట ఎవరో. డెల్మీరా వినిపించుకోలేదు. మా వాడు అక్కడే ఉండిపోయి, తర్వాతి వారం వచ్చాడు.

చలి తగ్గాక డెల్మీరా మొదటిసారి మోంటెవిడియో వచ్చింది. ల్యాబ్ చూస్తానంది. నేనూ వెంట వెళ్ళాను. ఇప్పుడు వాళ్ళ పని చిన్న కంపెనీ అయింది, ఇరేనె నడుపుతోంది. కొవ్వు కూడా పెంచి కలపడం వీడి కొత్త పని. అమ్మడానికి ప్రభుత్వం అనుమతి ఇంకా రాలేదు. వచ్చినా మామూలు వాళ్ళు కొనగలిగే ధరకి దిగడానికి చాలా కాలం పడుతుందట. ఆ తంటాలన్నీ వాడు దాచకుండా చెప్పాడు. డెల్మీరాకి వాటి మీద ధ్యాస లేదు.

ముందు గడ్డకట్టించిన కణాలు దాచే పెద్ద డబ్బా చూపించాడు. మూత తీస్తే తెల్లటి పొగ అంచుల మీంచి కిందికి జారింది. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది.

"దానికి చలి వేయదా?"

"వేయదు. నిద్రలో ఉన్నట్టు."

తర్వాత మైక్రోస్కోపు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఆవిడ కన్ను ఆనించి, ఏమీ కనపడటం లేదంది. వాడు వెనక నిలబడి, ఆవిడ వేళ్ళ మీద తన వేళ్ళు వేసి చక్రం కొంచెం తిప్పాడు. కనపడినట్టుంది. ఆవిడ కదలకుండా ఉండిపోయింది.

"సన్నగా పొడుగ్గా ఉన్నాయి. చేపపిల్లల్లా."

"అవే."

"మోరావేనా?"

"మోరావే."

"మోరా పోయిందని వాటికి తెలుసా?"

నవ్వుతాడేమోనని భయపడ్డాను. నవ్వలేదు.

"తెలీదు. మనమూ చెప్పొద్దు."

డెల్మీరా కన్ను తీయకుండానే తల ఊపింది. అలాగే చాలాసేపు చూసింది. లేచాక రుమాలు తీసి కళ్ళు ఒత్తుకుని, ఆ గొట్టంలోకి చూస్తే కళ్ళు లాగుతున్నాయంది.

"జనం తింటారా వీటిని?"

"అనుమతి వస్తే తింటారు."

"తిననీ. ఎవరైనా వస్తే నేను వండి కూడా పెడతాను. నన్ను తినమని మాత్రం ఎప్పుడూ అడగకు."

"అడగను."

బయటికి వచ్చేసరికి ఎవరో అప్పుడే మెట్లు కడిగారు, నీళ్ళు ఇంకా జారుతున్నాయి. డెల్మీరా జారిపోతానని మా వాడి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగారు. కింద నేల పొడిగానే ఉంది. ఆవిడ చెయ్యి వదల్లేదు, వాడూ వదలమనలేదు. వీధి వైపు తిరిగి నడవడం మొదలుపెట్టారు. నేను సంచీలో ఏదో వెతుక్కుంటున్నట్టు మెట్ల మీదే ఆగి, వాళ్ళు మలుపు దాకా వెళ్ళాక అప్పుడు బయల్దేరాను.